నాన్న నేసిన కట్టుగుడ్డ

మందుల షాపులో గాజుగుడ్డ కొనాల్సి వస్తే నేను చుట్ట విప్పించి, ఒక పొర వెలుతురుకి పెట్టి చూస్తాను. గవర్నర్‌పేటలో నేనెప్పుడూ వెళ్ళే షాపు యజమానికి ఇదొక వేడుక. "పట్టుచీర కొంటున్నారాండీ మామ్మగారూ?" అని వేళాకోళం చేస్తాడు. చెయ్యనీ. వెలుతురు ఇవతలికి బాగా వస్తే తీసుకుంటాను, లేకపోతే ఇంకోటి తియ్యమంటాను. నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, గుడ్డని చూడకుండా కొనడం నావల్ల కాదు. కాకపోతే లోకమంతా గట్టి గుడ్డ కోసం వెతుక్కుంటుంది, నేను వదులు గుడ్డ కోసం వెతుక్కుంటాను. ఎందుకో అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే మళ్ళీ నవ్వలేడని నా భయం.

మా ఊరు బందరు వైపు, కాలువ గట్టున. మా వీధిలో ఇంటికో మగ్గం ఉండేది. నేల మీద గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని నేసే మగ్గాలవి. పొద్దున్నే మొదలయ్యే ఆ టకటకలు యుద్ధం ముదిరాక సన్నగిల్లాయి. నూలు లేదు. మిల్లుల నూలంతా ఎటు పోతోందో ఎవరికీ తెలియదు, అడిగితే యుద్ధానికి అనేవాళ్ళు. బియ్యం లేకపోయినా యుద్ధమే, కిరసనాయిలు లేకపోయినా యుద్ధమే. ఆ యుద్ధం ఎక్కడ జరుగుతోందో గానీ మా పొయ్యిలో పిల్లి పడుకుంది.

ఇంట్లో మేం నలుగురం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. నాకు అప్పటికి సంబంధాలు చూస్తున్నారు. నూలు కండెలు చుట్టడం నా పని, పోగులకి పెట్టే గంజి కాయడం నాయనమ్మ పని. అమ్మ పని మాత్రం అందరికీ వచ్చేది కాదు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకి ఒక్కొక్కటిగా అతకాలి. ముడి వెయ్యకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పితే అవి ఒకే పోగైపోవాలి. అలా వేల పోగులు. ఒక్కటి జారినా బట్టలో చివరిదాకా గీతలా కనిపిస్తుంది. అమ్మ కబుర్లు చెబుతూనే అతికేసేది, వేళ్ళ వైపు చూసేది కూడా కాదు. వీధిలో అందరూ అమ్మనే పిలిచేవాళ్ళు. అమ్మ కుడిచెయ్యి మా ఇంటికి రెండో మగ్గం.

నాన్నకి నేత గట్టిదని పేరు. ఆయన నేసిన పంచెలో నీళ్ళు పోస్తే కారవని సంతలో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఎవరైనా అంటే నాన్న విననట్టు మొహం పెట్టేవాడు గానీ, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. అసలే మాటలు తక్కువ మనిషి. ఆయన పౌరుషమంతా అడ్డపోగుని బిగించే పలక దెబ్బలోనే ఉండేది.

అలాంటి రోజుల్లో బెజవాడ వన్ టౌన్ నుంచి ఒక షావుకారు గుమస్తా వచ్చాడు. నూలు తనే ఇస్తాడట, ఆస్పత్రుల కోసం కట్టుగుడ్డ నెయ్యాలట. మచ్చు చూడండని అరచెయ్యంత గుడ్డముక్క ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. నాన్న దాన్ని ఎత్తి చూస్తే అందులోంచి ఎదురింటి తలుపూ, తలుపు గొళ్ళెమూ అన్నీ కనబడుతున్నాయి. ఇదేం గుడ్డయ్యా, ఇది నేతా, సాలెపురుగు పనా అన్నాడు నాన్న. గుమస్తా ఓపిగ్గానే చెప్పాడు. పలక మెల్లిగా వెయ్యాలి, పోగుకీ పోగుకీ ఎడం ఉండాలి, గంజి అంటీ అంటనట్టుండాలి. ఎందుకలాగ అని నాన్న అడగలేదు, అతనూ చెప్పలేదు. బహుశా అతనికీ తెలియదు.

నూలు వస్తోందంటే ఎవరు మాత్రం కాదంటారు? నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గానీ నెయ్యలేకపోయాడు. మొదటి జానెడూ మచ్చులో ఉన్నట్టే వచ్చేది. తర్వాత ఆయన ధ్యాస ఎటో పోయేది, చెయ్యి తన అలవాటున తను పలక వేసేది. చూసుకునేసరికి మూరెడు గుడ్డ పంచెలా బిగిసిపోయి ఉండేది. నాలుక కరుచుకుని మళ్ళీ వదులుగా మొదలుపెట్టేవాడు, మళ్ళీ అంతే. ఒకసారి మగ్గంలోంచి లేచొచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఇది నా మాట వినడం లేదే అన్నాడు అమ్మతో. అమ్మా నేనూ నవ్వుకున్నాం. నాయనమ్మ మాత్రం, తప్పు పని వాడి చేతికి రాదని మురిసిపోయింది. గంజి కూడా ఆవిడ అలవాటు ప్రకారం చిక్కగానే కాచింది. పల్చటి గంజి పెడితే వీధిలో నగుబాటని ఆవిడ నమ్మకం.

బట్ట తీసుకోడానికి వచ్చిన గుమస్తా దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసి వెనక్కి తోసేశాడు. ఇది పంచె గుడ్డండీ, కట్టుగుడ్డ కాదు, మా షావుకారు దీన్ని గడప దాటనివ్వడు అన్నాడు. నాన్న మొహం మాడిపోయింది. బట్ట వదులుగా ఉందని వెనక్కి ఇవ్వడం చూశాం గానీ గట్టిగా ఉందని ఇవ్వడం ఎప్పుడైనా చూశామా? ఆ తానులు మడిచి భోషాణంలో పెట్టేశాడు. గుమస్తా పోతూ పోతూ, ఈసారైనా మచ్చు చూసి నెయ్యండని ఇంకో బేలు దింపి వెళ్ళాడు. అది వీధిలో నాలుగిళ్ళకి పంచుకోవలసిన నూలు.

ఆ బేలే మా కొంప ముంచింది. చుట్టూ ఇనప పట్టీలు బిగించి వస్తాయవి. నాన్న సుత్తి కోసం పెరట్లోకి వెళ్ళాడు. అమ్మ ఊరుకోక ఒక పట్టీ కొస లేచి ఉందని పట్టుకుని లాగింది. బిగించిన పట్టీ ఒక్కసారిగా విడిపోయి వెనక్కి తన్నింది. కుడిచేతి బొటనవేలి మొదట్లోంచి అరచెయ్యి సగందాకా తెగిపోయింది. నెత్తురు తెల్లటి నూలు మీద పడుతుంటే, అమ్మ ముందు చేసిన పని బేలుని కాలితో అవతలికి నెట్టడం. నూలు పాడవుతుందని.

మా ఇంట్లో దెబ్బలకి తేనే మందు. మడ అడవుల్లోంచి తేనె పట్టుకుని కుండల్లో తెచ్చేవాడొకడు ఉండేవాడు, నాయనమ్మ అతని దగ్గర తప్ప కొనేది కాదు. ఆ తేనె పల్చగా, కాస్త ఉప్పుచేల వాసనతో ఉంటుంది. మైనం తునకలూ, చచ్చిన ఈగలూ అన్నీ అందులోనే ఉంటాయి. పుండు మీద వేసేది శుభ్రంగా ఉండాలి కదా అని నాయనమ్మ వడకట్టడానికి గుడ్డ కోసం చూసింది. గూట్లో గుమస్తా వదిలిపోయిన మచ్చు కనబడింది. గిన్నె మీద పరిచి పోస్తే తేనె ఎక్కడా ఆగకుండా దిగింది, చెత్తంతా పైన నిలిచింది. ఇన్నాళ్ళకి ఈ దిక్కుమాలిన గుడ్డ ఒక పనికొచ్చింది అంది ఆవిడ. దాన్ని పిండి పెరట్లో పారేసింది.

ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఎవరి మీదని కోప్పడను? ఆస్పత్రిలో పుండు మీద వెయ్యాల్సిన గుడ్డ ఇంటికి నడిచొచ్చింది. దాన్ని మేం జల్లెడ చేసుకున్నాం.

తేనె పోశాక కట్టు కట్టాలి. పాత చీర చింపుదామని నేను తెచ్చాను. అమ్మది ఒకటి ఉండేది, ఉతికి ఉతికి పొరలా మెత్తబడిపోయింది. నాన్న దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పడేశాడు. ఇంటి ఇల్లాలికి పేలిక కడతామా, భోషాణంలో అంత గుడ్డ పెట్టుకుని అన్నాడు. ఒక తాను తీసి, కొలిచి, చించాడు. చించడానికి ఆయనకే బలం చాల్లేదు, పళ్ళతో కొరికి మొదలుపెట్టాల్సొచ్చింది. కొత్త గుడ్డ కదా, నాయనమ్మ మూలకి పసుపు రాసింది. నాన్నే స్వయంగా అమ్మ చేతికి చుట్టాడు, మడత మీద మడత, చీర మడిచినంత నేర్పుగా. ఆయన అమ్మని నలుగురిలో ముట్టుకోవడం నేనదే చూడ్డం. అమ్మ సిగ్గుపడి తల తిప్పుకుంది. నొప్పి ఎలా ఉందంటే, కట్టిన చెయ్యి మంచిది అంది. ఆ మాటకి నాన్న కూడా నవ్వాడు.

మొదట్లో అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. రోజూ పొద్దున్న నేను కట్టు పైపొరలు చూసేదాన్ని. తెల్లగా, పొడిగా ఉండేవి. చుక్క తడి పైకి రాలేదు. నాయనమ్మ కూడా చెయ్యి పెట్టి చూసి, పైకి ఊరడం లేదంటే పుండు ఆరుతోందన్నమాట అనేది. ఆరేదాన్ని కదిపితే మళ్ళీ పచ్చి అవుతుందని విప్పనిచ్చేది కాదు. అంచు కాస్త ఎత్తి లోపలికి తేనె పోసి మళ్ళీ అదిమేవాళ్ళం. పుండుకి నీళ్ళు తగలకూడదని అమ్మ చేతిని ఉట్టిలా పైకి కట్టి ఉంచాం. వంకాయ మానిపించాం, గోంగూర మానిపించాం. చెయ్యాల్సినవన్నీ చేశాం. ఎవరు వచ్చినా నాన్న కట్టిన కట్టు చూసి, ఎంత బాగా కుదిరిందో అనేవాళ్ళు.

అమ్మ ఒకటి రెండుసార్లు చెయ్యి బరువుగా ఉంది అంది. చంకలో బిళ్ళ కట్టింది. దెబ్బ తగిలితే బిళ్ళ కట్టడం మామూలే అన్నారు. వాసన సంగతి మీరడగొచ్చు. నేతవాళ్ళ ఇల్లు ఎప్పుడూ పులిసిన గంజి వాసనే వేస్తుంది, మేం పుట్టింది పెరిగింది అందులోనే. ఆ కట్టు దగ్గర కొంచెం పుల్లగా, కొంచెం తియ్యగా ఏదో వాసన ఉండేది. గంజీ, తేనే అనుకున్నాం. కొత్తవాళ్ళెవరైనా ఆ ఇంట్లో అడుగుపెట్టి ఉంటే మాకంటే ముందే తెలిసేదేమో. వచ్చినవాళ్ళందరూ మా వీధివాళ్ళే.

ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం కలుపుతుంటే, అదే ఎడమచేత్తో, కంచంలోకి ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నేను ఇక నాయనమ్మ మాట వినలేదు. కట్టు విప్పడం మొదలుపెట్టాను. పైపొరలు వచ్చాయి. లోపలివి రాలేదు. గంజి తేనెలో నాని, ఎండి, గుడ్డంతా అట్టలా బిగుసుకుపోయింది. నీళ్ళు పోసి నానబెట్టి ఊడదీశాను. కట్టు కింద ఉన్నది అమ్మ చెయ్యి అని నేను నమ్మలేకపోయాను. ఉబ్బి, వేళ్ళ మొదట్లో నల్లబడి, మణికట్టు దాకా ఎర్రటి చారలు. మా ఊళ్ళో ఒక కాంపౌండరు ఉండేవాడు. పరిగెత్తుకెళ్ళి తీసుకొస్తే, టింక్చరు సీసా మూత తీసి, చెయ్యి చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు. సాయంత్రం బస్సుకే బెజవాడ తీసుకెళ్ళిపొండి అన్నాడు. వాకిట్లోకి వెళ్ళాక నాన్నతో ఏదో చెప్పాడు, నాన్న గోడ పట్టుకున్నాడు.

అవి బొగ్గు బస్సులు. వెనకాల డ్రమ్ములో బొగ్గు మండిస్తే నడిచేవి. నడవడమంటే, వంతెన వచ్చినప్పుడల్లా దిగి తొయ్యడం. మసి మీద పడుతుందని అమ్మ చేతిని నేను కొంగుతో కప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. నాన్న మిగిలిన తాను మూటలో కట్టి తెచ్చాడు, ఆస్పత్రిలో కట్లకి కావాలి కదా, అక్కడ గుడ్డలకి కూడా కరువేనంట అని. దారిలో అమ్మకి తెలివొచ్చినప్పుడల్లా అడిగింది ఒకటే. పక్కింటివాళ్ళ పడుగు సగం అతికి వదిలేశాను, ఎవరితోనూ ముట్టించొద్దని చెప్పారా? వేరే చెయ్యి పడితే మెలి తేడా వస్తుంది. ఉయ్యూరు దాటాక నాతో మెల్లిగా అంది.

"మిగతా వేళ్ళు పోయినా ఫరవాలేదే. బొటనవేలూ చూపుడువేలూ ఉంచమని చెప్పు. ఆ రెండూ ఉంటే నేను బతికేస్తాను."

చెప్తానమ్మా అన్నాను. ఎవరితో చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆ రెండు వేళ్ళ కోసం ఆ బస్సులో నేను మొక్కని దేవుడు లేడు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు నడివయసు మనిషి, కళ్ళ కింద నల్లగా, నిద్రలేక ఒంగిపోయినట్టున్నాడు. దారికని నేను అదే తాను చించి మళ్ళీ చుట్టిన కట్టుని కత్తెరతో కత్తిరించబోతే కత్తెర జారింది. రెండోసారి ఇంకో కత్తెర తెప్పించాడు. గుడ్డ ఊడి వచ్చాక దాన్ని పారెయ్యకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టాడు. అందులోంచి ఏమీ కనబడలేదు.

"ఎవరు నేశారయ్యా ఈ గుడ్డ?"

"నేనేనండి," అన్నాడు నాన్న. ఆ స్థితిలో కూడా ఆయన గొంతులో ఒక వెలుగు తోచింది నాకు. జీవితమంతా ఆ ప్రశ్నకి జవాబు చెప్పి మెప్పు పొందిన మనిషి. గొంతుకి ఏం తెలుసు?

"చాలా బాగా నేశావు. పుండు ఊరుతుంది, ఆ ఊరేది పైకి పోవాలి. నీ గుడ్డ చుక్క కూడా పోనివ్వలేదు. అంతా చేతిలోకే తిరిగింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. గుడ్డని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అరచేతిలో రెండు మూడు చోట్ల కోసి, ఊదారంగు పర్మాంగనేట్ నీళ్ళతో కడిగారు. అమ్మ అరుపులు ఇప్పుడు రాయను. ఆ తర్వాత నర్సమ్మ ఏదో తెల్లటి పొడి చల్లి, ఆస్పత్రి గాజుగుడ్డ మడతలు వేసింది. మేం జల్లెడ చేసుకున్నామే, సరిగ్గా అదే గుడ్డ. మేం చూస్తుండగానే కింది పొరలోంచి పై పొరలోకి, అందులోంచి ఇంకా పైకి, పసుపుపచ్చగా తడి పాకి వచ్చింది. నాన్న మంచం దగ్గర వంగి, నేత చూసినట్టే చూశాడు. నర్సమ్మ ఆ మడతలు తీసేసి కొత్తవి వేసింది, అవీ అలాగే తాగాయి. అప్పుడు నాన్న నా వైపు తిరిగి, ఇందుకన్నమాట అన్నాడు.

తేనె సంగతి నేనే డాక్టరుని అడిగాను. తేనె పొయ్యడం వల్లే ఇలా అయిందా అని. తేనెది తప్పేం లేదమ్మా, అది దాని పని చేసింది, లోపలున్నదాన్ని బైటికి లాగింది, బైటికి దారి మీరు మూసేశారు అన్నాడు. ఇంటికొచ్చాక ఈ మాట మేం నాయనమ్మకి చెప్పలేదు. చెప్పాలంటే రెండో సగం కూడా చెప్పాలి. నాన్న చెప్పలేడు, నేను చెప్పదలుచుకోలేదు. దాంతో ఆవిడ తప్పంతా తేనె మీదికి తోసింది. కల్తీ తేనె అమ్మి నా కోడలి ఉసురు పోసుకున్నావని, పాపం ఆ మడ అడవి మనిషిని వాకిట్లో నిలబెట్టి శాపనార్థాలు పెట్టింది. అతను కుండ దించకుండానే వెళ్ళిపోయాడు, మళ్ళీ మా వీధి తొక్కలేదు. ఏ పాపం ఎరగని మనిషి. ఆ రోజు నాన్న మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. నాకు నాన్న మీద ప్రాణం, కానీ ఆ పూట ఆయన మీద అసహ్యం వేసింది, అది కూడా చెప్పాలి.

ఆస్పత్రిలో చేరిన మర్నాడే నలుపు మణికట్టు దాటింది. డాక్టరు నాన్నని వరండాలోకి పిలిచి, మోచేతి కింద తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే మనిషే దక్కదు అన్నాడు. నేను అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి, రెండు వేళ్ళు ఉంచడానికి వీలవుతుందేమో చూడండి బాబుగారూ అన్నాను. ఆయన నన్ను వెర్రిదానిలా చూడలేదు. ఏ రెండు అని అడిగాడు. చెప్పాను. ఏం పనికి అని అడిగాడు. అదీ చెప్పాను. వీలయితే ఉంచేవాణ్ణమ్మా అని లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మకి చెప్పింది నాన్నే. ఏమని చెప్పాడో నేను వినలేదు, వరండాలో ఉండిపోయాను. నేను లోపలికి వెళ్ళేసరికి అమ్మ ఆ నల్లబడ్డ వేళ్ళని ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టుకుని చూసుకుంటోంది. స్పర్శ లేదంది. గాజులు తియ్యాలని నర్సమ్మ వచ్చింది. వాపు మీద అవి రావు, పగలగొట్టాలి. భర్త ఉన్న ఆడదాని చేతికి గాజులు పగలగొట్టడమేమిటని అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పటిదాకా చెయ్యి పోతుందంటే కన్నీళ్ళు పెట్టని మనిషి, గాజులనేసరికి వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న వచ్చి ఎదురుగా కూచున్నాడు. "నేను బతికే ఉన్నానుగా, నన్ను చూడు," అన్నాడు. అమ్మ ఆయన్నే చూస్తూ ఉంది, నర్సమ్మ గుడ్డ అడ్డం పెట్టి గాజులు చిట్లగొట్టింది.

అమ్మని తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొచ్చేసరికి పొద్దు వాలింది. మత్తులో ఉంది. దుప్పటి కింద ఒక వైపు పొట్టిగా ఉంది. నేను ఆ వైపు చూడకుండా అమ్మ కాళ్ళ దగ్గర కూచున్నాను.

కాసేపటికి ఆస్పత్రి పనివాడు ఒకతను తలుపు దగ్గర నిలబడి నాన్నని సైగ చేసి పిలిచాడు. చెయ్యి మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే ఎక్కడైనా పెట్టెయ్యమంటారా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు, రోజూ అడిగే మాటే అయ్యుంటుంది. అలాంటిది ఒకటి అడుగుతారని మాకు తట్టనే లేదు. మాలో పోయినవాళ్ళని పూడ్చిపెడతారు. పోయిన చేతికి ఏం చేస్తారో ఎవరు చెప్తారు? నాన్న, నేను తీసుకెళ్తాను అన్నాడు. మంచం కింద నుంచి మా మూట తీసుకుని అతని వెనకాల వెళ్ళాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు.

మర్నాడు పొద్దున ఎండెక్కాక తిరిగొచ్చాడు. కృష్ణలో మునిగినట్టున్నాడు, పంచె తడిగా ఉంది, కాళ్ళకి ఇసుక. అప్పటికి అమ్మకి పూర్తిగా తెలివొచ్చింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూ కిటికీ వైపు చూస్తోంది. ఆయన్ని చూడగానే, ఎవరు చెప్పారో ఏమో, ఎక్కడికెళ్ళి వస్తున్నాడో అమ్మకి తెలిసిపోయింది.

"ఎక్కడ పెట్టారు?" అంది.

"కృష్ణ ఇసుకలో. ఆనకట్ట దిగువన. లోతుగానే తవ్వాను."

"ఒట్టిదే పెట్టారా?"

నాన్న కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"గుడ్డలో చుట్టాను," అన్నాడు.

ఏ గుడ్డ అని అమ్మ అడగలేదు. మా మూటలో ఉన్నది ఒకటే గుడ్డ. డాక్టరు ఆ గుడ్డ గురించి అన్నప్పుడు అమ్మ అక్కడే మంచం మీద ఉంది, వినే ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఒక్క మాట అనడానికి అమ్మకి అంతకంటే హక్కున్న రోజు రాలేదు, రాబోదు కూడా.

"పోనీలెండి," అంది అమ్మ. "గట్టి గుడ్డ. తడికి తొందరగా చివకదు."

ఓదార్పుగానే అంది. అమ్మ గొంతు నాకు తెలుసు, అందులో ఎత్తిపొడుపు రవ్వంత కూడా లేదు. నాన్న మంచం కోడు పట్టుకుని అలాగే నేల మీదికి జారిపోయి, పిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. పడిపోతున్నాడనుకుని అమ్మ ఆయన్ని పట్టుకోబోయింది. అలవాటున కుడిచెయ్యే చాచింది. కట్టు కట్టిన ఆ మొండి ఆయన భుజం దాకా అందలేదు.